రక్తమిచ్చినవాళ్ళకు, బ్యాగు వేయడం నేర్పిన అన్నయ్యకు కృతజ్ఞతలు

పోయిన నెల మా వార్డులో జరిగిన పెద్దాపరేషన్‌కు సాయపడ్డ ప్రతి ఒక్కరికీ నర్సులందరి తరఫున చేతులెత్తి నమస్కారం. మీ సాయం ఎక్కడ ఎలా పనికొచ్చిందో మీకు తెలియాలి.

మా పేషెంటుకు మలద్వారానికి పైనుండే పేగులో పుట్టిన క్యాన్సర్ గడ్డ మూత్రసంచికి, దాని కిందుండే ప్రోస్టేట్ గ్రంథికి అతుక్కుపోయింది. 28 సిట్టింగుల రేడియేషన్, దాంతోపాటు కాపెసిటాబిన్ అనే కీమో మాత్రలు అయ్యాక ఎమ్మారై తీస్తే గడ్డ తగ్గింది గానీ అతుకు వదల్లేదు. మెల్లగా విడదీస్తే పోతుంది కదా అని చాలామంది అడుగుతారు. ఆ అతుకు వాపుదో క్యాన్సర్‌దో కంటికీ వేలికీ అందదు. దాదాపు సగం అతుకుల్లో క్యాన్సరే ఉంటుంది. అక్కడ చీలిస్తే కత్తి గడ్డలోకే దిగుతుంది, కణాలు పొత్తికడుపులో చిందుతాయి. అందుకే మూడింటినీ కలిపి ఒకే ముద్దగా తీశారు. కోసిన అంచుల్లో మైక్రోస్కోపు కింద కూడా క్యాన్సర్ కనబడకపోతేనే ఇంత కష్టానికి ఫలితం. రిపోర్టులో కనబడలేదు.

వెన్ను చివరి ఎముక ముందున్న సిరలు తెగితే కట్టు వేయడానికి దొరకవు, ఎముకలోకి ముడుచుకుపోతాయి. గుడ్డ కుక్కి నొక్కి పట్టాల్సిందే. ఆ సమయంలో ఆదుకున్నవి ముందే మ్యాచ్ చేసి పెట్టిన మీ యూనిట్లే. ఎర్రకణాలు 42 రోజులు నిలవుంటాయి, ప్లేట్‌లెట్లు 5 రోజులే. ముందురోజు పొద్దున్నే వచ్చి ప్లేట్‌లెట్లు ఇచ్చిన తమ్ముళ్ళూ, మీ రుణం తీరదు. రక్తమిచ్చిన మగవాళ్ళు 90, ఆడవాళ్ళు 120 రోజులు ఆగి మళ్ళీ రండి.

గడ్డ తీసినచోట కింద మిగిలిన గాయాన్ని పొట్ట కండరం తెచ్చి మూశారు. దానిమీద బరువు పడితే రక్తం అందక నల్లబడుతుంది. రాత్రంతా రెండు గంటలకోసారి లేచి ఆయన్ని పక్కకు తిప్పిన బావమరిదికి ప్రత్యేకంగా ధన్యవాదాలు.

ఇక అన్నయ్య. తాను ఏళ్ళుగా రెండు బ్యాగులతో తిరుగుతూ, మంచం పక్కనే కూర్చుని అంతా చేసి చూపించారు. ఈ ఆపరేషన్ తర్వాత మలం, మూత్రం పొట్టమీద పేగుతో చేసిన రంధ్రాల్లోంచి (వీటినే స్టోమా అంటారు) బ్యాగుల్లోకి వస్తాయి. ఎడమవైపుది మలానికి, కుడివైపుది మూత్రానికి. 15 సెంటీమీటర్ల చిన్నపేగు ముక్కతో మూత్రానికి దారి చేస్తారు కాబట్టి మూత్రంలో తెల్లటి జిగురు తీగలు కనబడడం సహజం, భయపడకండి. బ్యాగును చర్మానికి అంటించే ప్లేటును అరచేతుల మధ్య వెచ్చబరిచి, రంధ్రం స్టోమా కంటే 2–3 మిల్లీమీటర్లు మాత్రమే పెద్దగా కత్తిరించాలి. ఎక్కువైతే మూత్రం చర్మానికి తగిలి ఒరుస్తుంది, బిగుతైతే స్టోమా కోసుకుంటుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలదాకా స్టోమా కుంచించుకుపోతూనే ఉంటుంది, అంచేత మార్చిన ప్రతిసారీ కొలవాలి. బ్యాగు మూడోవంతు నిండగానే ఒంపేయాలి, బరువుకు ప్లేటు ఊడుతుంది. స్టోమా పెదవి లోపలిలా ఎర్రగా తడిగా ఉండాలి. ఊదా రంగుకో నలుపుకో తిరిగితే తెల్లారేదాకా ఆగొద్దు.

అన్నయ్యా, మీరు వదిలి వెళ్ళిన కొలత అట్ట డ్రెస్సింగ్ ట్రాలీలోనే ఉంది. పక్క బెడ్ ఆమెకు దాంతోనే కొలుస్తున్నాం.