వాచ్‌మన్ కూతురితో మా మనవరాలు ఆడుకుంటే తప్పేంటి?

సంపాదకుల వారికి నమస్కారం.

పదో తరగతి ర్యాంకుల గురించీ ఇంటర్ పిల్లల టెన్షన్ గురించీ మీ పేపర్లో పేజీలకు పేజీలు వస్తాయి, రావాల్సిందే, కానీ రెండు మూడేళ్ల పిల్లల సంగతి మాత్రం ఆదివారం నాడు చిట్కాల డబ్బాలో నాలుగు ముక్కలు రాసి వదిలేస్తారు. అందుకే ఈ ఉత్తరం. నేను తెనాలి దగ్గర ఎలిమెంటరీ స్కూల్లో టీచరుగా చేసి రిటైరయ్యాను. అమ్మాయీ అల్లుడూ ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్తారు కాబట్టి హైదరాబాద్ వచ్చి మనవరాల్ని చూసుకుంటున్నాను. ఈ ఊళ్లో నాలాంటి అమ్మమ్మలు, నానమ్మలు ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఉన్నారు.

ఈమధ్య మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టారు. వాచ్‌మన్ పిల్లలు, పనివాళ్ల పిల్లలు ప్లే ఏరియాలోకి రాకూడదట. పేరు రాయలేదు గానీ అది ఎవరి గురించో అందరికీ తెలుసు. మా వాచ్‌మన్ కూతురికి మూడు దాటాయి, మా బుజ్జిదానికి రెండున్నర. పొద్దున లేస్తే మా వాడకట్టులో ఇంకెవరూ లేనట్టు దానికి ఆ పిల్లే కావాలి.

ఈ వయసు పిల్లల్ని దగ్గరుండి చూసినవాళ్లకి నేను చెప్పేది అర్థమవుతుంది. ప్రతిదీ "నేనే". లిఫ్టు బటన్ అదే నొక్కాలి, పొరపాటున మనం నొక్కామా, తలుపు తెరిచి మళ్లీ బయటికెళ్లి మొదట్నుంచీ రావాల్సిందే. చెప్పులు కుడిది ఎడమకి, ఎడమది కుడికి, అయినా మనం చెయ్యి వెయ్యకూడదు. పెరుగన్నం తనే తింటానంటుంది, సగం నేల మీద. దీన్ని చాలామంది మొండితనం అంటారు, "బాగా గారాబం చేశారండీ" అని మొహం మీదే అనేవాళ్లూ ఉన్నారు. నేనొప్పుకోను. అది ఎదుగుదల. తన పని తను చేసుకోగలనని పిల్లకి తెలిసేది ఈ వయసులోనే, మనకి ఓపిక లేక గబగబా ముద్దలు కలిపి నోట్లో పెట్టేస్తాం.

ఇంకో సంగతి, ఇలాంటివి పెద్దవాళ్లు నేర్పితే తొందరగా రావు, పక్కన ఇంకో పిల్ల చేస్తుంటే చూసి ఇట్టే వచ్చేస్తాయి. కుళాయి దగ్గర గొంతుక్కూర్చుని రెండు చేతులూ రుద్ది కడుక్కోవడం మా బుజ్జి నా దగ్గర నేర్చుకోలేదు, ఆ పిల్లని చూసి నేర్చుకుంది. నిక్కరు తడవకముందే పరుగెత్తుకొచ్చి చెప్పడమూ అంతే. డైపర్లకి పోసే డబ్బులు తగ్గాయి కదా అని మా అల్లుడితో అంటే నవ్వేసి ఊరుకున్నాడు.

ఇద్దరూ కలిసి ఏం ఆడతారూ అంటే, చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. పక్కపక్కన కూర్చుని ఎవరి మగ్గులో వాళ్లు ఇసక పోసుకుంటారు. మాట్లాడుకోరు. చూసేవాళ్లకి ఇదేం స్నేహం అనిపిస్తుంది. అమెరికాలో మిల్డ్రెడ్ పార్టెన్ అనే ఆవిడ నర్సరీ పిల్లల ఆటల్ని గమనించి 1932లోనే రాసింది, కలిసి ఆడటం రాకముందు చిన్నపిల్లలు ఇలా ఒకరి పక్కన ఒకరు ఎవరి ఆట వాళ్లు ఆడతారని. టీచరు ట్రైనింగులో మేం చదువుకున్నదే. మగ్గు కోసం కొట్టుకుంటారు కూడా, ఒకసారి గట్టిగానే కొరికేసుకున్నారు. పెద్దవాళ్లం పరుగెత్తుకెళ్లి "సారీ చెప్పు, షేర్ చెయ్యి" అని మెడలు వంచేలోపు వాళ్లు మర్చిపోయి మళ్లీ ఇసకలో కూర్చున్నారు.

ప్లే ఏరియాలోకి రావద్దనడానికి పైకి చెప్పే కారణం శుభ్రత. ఆ పిల్ల తల్లి రోజూ పొద్దున్నే తలంటి రెండు పిలకలు వేసి పంపిస్తుంది, ఫ్లాట్లలో పిల్లలకి తొమ్మిదైనా మొహం కడగరు. రెండో కారణం యాస. ఆ పిల్లతో తిరిగితే మన పిల్లల మాట పాడవుతుందని ఒకావిడ నాతోనే అంది. ఆమెది కృష్ణా జిల్లా, నాది గుంటూరు జిల్లా, వాచ్‌మన్‌ది పాలమూరు. హైదరాబాద్‌లో కూర్చుని పాలమూరు పిల్ల యాసకి మనం వంక పెట్టడమేంటో నాకు అర్థం కాలేదు.

ఆ మెసేజ్‌కి చప్పట్లు కొట్టినవాళ్లలో చాలామంది పిల్లలు గేటు మీద మాంటిస్సోరి అని పెద్ద అక్షరాలున్న ప్లే స్కూళ్లకే వెళ్తారు. ఆ పేరు మారియా మాంటిస్సోరి అనే ఇటలీ డాక్టరుది, ఆవిడ 1907లో రోమ్‌లో తన మొదటి బడి పెట్టింది ఎక్కడనుకున్నారు? కూలీ కుటుంబాలుండే ఒక అపార్ట్‌మెంట్ భవనంలో. తల్లిదండ్రులు పనికెళ్తే పిల్లలు మెట్ల మీద తిరుగుతూ గోడలు పాడుచేస్తున్నారని ఆ భవనాల యజమానులే ఆమెని పిలిచారు. వాళ్లు పిల్లల్ని బయటికి తరమలేదు, అదే భవనంలో గది ఇచ్చారు. ఆవిడే 1939లో మద్రాసు వచ్చి అడయార్‌లో మన టీచర్లకి శిక్షణ ఇచ్చింది, యుద్ధం వల్ల కొన్నేళ్లు ఇక్కడే ఉండిపోయింది. పిల్లలు తమ పని తామే చేసుకోవాలన్నదే ఆవిడ చెప్పినదాంట్లో అసలు సంగతి. ఫీజు కట్టేవాళ్ల పిల్లలకి మాత్రమే అని ఎక్కడా చెప్పలేదు.

చట్టాలకీ మనకి కొదవ లేదు. ప్రైవేటు స్కూళ్లు 25 శాతం సీట్లు పేద పిల్లలకివ్వాలని, నర్సరీ ఉన్నచోట నర్సరీ నుంచే ఇవ్వాలని 2009 విద్యాహక్కు చట్టంలో ఉంది, 2012లో సుప్రీంకోర్టు కూడా సరేనంది. తెలంగాణలో ఏళ్ల తరబడి అది కాగితం దాటి రాలేదు, ఆంధ్రలో మొదలుపెట్టడానికే పదేళ్లకు పైగా పట్టింది. ఇంకోవైపు, ఆరేళ్లలోపు ప్రతి బిడ్డకీ అంగన్‌వాడీ అందాలని సుప్రీంకోర్టు 2006లోనే చెప్పింది. నన్నడిగితే ఇద్దర్నీ కలిపి మా వీధి చివర అంగన్‌వాడీకే పంపుతాను, ఇంట్లో ఆ మాటెత్తితే మాత్రం నన్ను వింతగా చూస్తున్నారు. కాబట్టి వచ్చే జూన్ నుంచి ఒకరు అటు, ఒకరు ఇటు. ఉన్న ఈ కొద్ది నెలలు కూడా కింద కలిసి ఇసకలో కూర్చోకూడదా?

ఒకటి రెండేళ్ల పిల్లలు రోజుకి కనీసం 3 గంటలైనా ఒళ్లు కదిలేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌లో మూడు గంటలు ఎక్కడ ఆడతారు, ఫోన్ ఇచ్చి కూర్చోబెట్టడం తప్ప? పర్మిషన్ కోసం పెట్టే ప్లానుల్లో టాట్ లాట్ అని చిన్నపిల్లల జాగా చూపిస్తారు, తీరా చూస్తే చాలాచోట్ల అక్కడ కార్లుంటాయి. మీ విలేకరులు ఒక నాలుగు అపార్ట్‌మెంట్లకి ప్లాను కాగితాలు పట్టుకెళ్లి ఆ జాగా ఉందో లేదో, ఉంటే అందులోకి ఎవర్ని రానిస్తున్నారో చూసి రాయండి. మున్సిపాలిటీ వాళ్లు కూడా కాలనీ పార్కుల్లో జిమ్ము సామాన్లు బిగించడంతో సరిపెట్టకుండా మూడేళ్లలోపు పిల్లలకి ఒక మూల ఇసక పోయిస్తే బాగుంటుంది, దానికి పెద్ద టెండర్లేమీ అక్కర్లేదు.

మా మటుకు మేం ఆ మెసేజ్‌ని పట్టించుకోవడం మానేశాం. సాయంత్రం నేను ఇద్దర్నీ చెరో చేత్తో పట్టుకుని ప్లే ఏరియాలోకే తీసుకెళ్తున్నాను, ఎవరైనా అడిగితే నాతోనే మాట్లాడమంటున్నాను. వచ్చే జనరల్ బాడీ మీటింగులో ఈ సంగతి ఎత్తాలనుకుంటున్నా. మా లాబీలో వేసేది మీ పేపరే, దయచేసి ఈ ఉత్తరం ఆ మీటింగు లోపే అచ్చువేయగలరు.

ఇట్లు,
ఒక అమ్మమ్మ, హైదరాబాద్