గంట ముందే వెలువడిన ప్రకటన

హైదరాబాద్,
గురువారం రాత్రి

ఒరేయ్ బావా,

నీ రెండు ఉత్తరాలకూ కలిపి ఇప్పుడు జవాబు రాస్తున్నాను, కోప్పడకు. అమ్మ కంటి ఆపరేషన్ బాగా జరిగింది, నల్ల కళ్ళజోడు పెట్టుకుని ఇంటిల్లిపాదినీ అజమాయిషీ చేస్తోంది. ఇల్లు మారాం. మిగతా కబుర్లు మరోసారి. మంగళవారం జరిగింది నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

దేశదేశాల వాళ్ళం కలిసి రాసే మా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు కొత్త వెర్షన్ విడుదల సంగతి నీకు తెలుసు కదా. పత్రికలకు చెప్పే బాధ్యత ఈసారి నాది. ప్రతిసారీ రెండు ప్రకటనలు వెలువడతాయి. ఒకటి మా సముదాయానిది. రెండోది మా సర్వర్ల ఖర్చూ, కొందరు ఇంజినీర్ల జీతాలూ భరించే కంపెనీది. కంపెనీ ప్రకటనను వాళ్ళ లాయర్లు చదవాలి, వాటాదారుల వ్యవహారాలు చూసేవాళ్ళు చదవాలి, అందులో తన అభిప్రాయం చెప్పిన వినియోగదారు సరేననాలి. ఆ తర్వాత ఒక్క కామా కూడా కదలదు. మా చిత్తుప్రతి మాత్రం మొదటి రోజు నుంచే అందరి ముందూ ఉంటుంది. బ్రెజిల్‌లో ఒక కుర్రాడు వాక్యం దిద్దుతాడు, జర్మనీలో ఒకావిడ దాన్ని మళ్ళీ మారుస్తుంది. ఫలానా సమయం దాకా బయటపెట్టవద్దన్న షరతు మీద కంపెనీ విలేకరులకు ముందే ప్రతి ఇస్తుంది. మా దగ్గర దాచడానికి ఏముంది? గంట ఒక్కటి కలిస్తే చాలనుకున్నాం.

ఆ గంటే కలవలేదురా.

అక్టోబరులో నేనే పట్టిక వేశాను. 14:00 యూటీసీ (అన్ని దేశాలకూ ఉమ్మడిగా ఉండే, ఏడాది పొడుగునా మారని సమయం), న్యూయార్క్‌లో ఉదయం 10, మనకు రాత్రి 7:30. రాసిననాటికి మూడూ సరైనవే. కానీ అమెరికాలో నవంబరు మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. ఆ రోజు నుంచి న్యూయార్క్ ఉదయం 10 అంటే 15:00 యూటీసీ, మనకు 8:30. మా విడుదల సరిగ్గా ఆ మరుసటి మంగళవారమే. మావాళ్ళు యూటీసీ పట్టుకున్నారు, కంపెనీవాళ్ళు తమ గోడమీది గడియారం పట్టుకున్నారు. మన మెస్సు గడియారం గుర్తొచ్చిందా? అచ్చం అదే, వంకాయకూర రోజుతో సహా!

7:30కి మా ప్రకటన వెళ్ళింది, జనం దించుకోవడానికి నకళ్ళు ఉంచే మిర్రర్ సర్వర్లు తెరుచుకున్నాయి. నేను పాలు కాస్తూ ఒక కంటితో తెర చూస్తున్నాను. పదినిమిషాలకు ఫోను. కంపెనీ తరఫున మాతో మాట్లాడే ఆవిడ. షరతుకు కట్టుబడి కూర్చున్న విలేకరి ఒకాయన, వేరే చోట వార్త చూసి ఆవిడ మీద విరుచుకుపడ్డాడట. "మీ ప్రకటన వెంటనే తీసేయండి" అంది. పాలు పొంగి స్టవ్ ఆరిపోయింది, అది కూడా నాకు తెలియలేదు. అప్పటికే జనం దించుకుంటున్నారు, ఏం తీయాలి? తప్పు నా పట్టికదేనని ఒప్పుకున్నాను. తీయడం మాత్రం కుదరదన్నాను, విలేకరులను షరతు నుంచి విడిచిపెట్టమని బతిమాలాను. ఇరవై నిమిషాలకు విడిచిపెట్టారు. అక్కడితో గొడవ సద్దుమణిగింది.

నాకు నిద్ర పట్టనిది దానివల్ల కాదు. ఫోను పెట్టేసే ముందు ఆవిడ అన్న మాట వల్ల. "వచ్చేసారి ఈ తిప్పలు వద్దు. ఒకే ప్రకటన, మేమే రాస్తాం. కింద మీ పేరు కూడా వేస్తాం."

కూడా!

తెలుగు మెనూలలో ఒక్కో మాట కోసం రాత్రంతా తగువులాడుకున్న మా ఐదుగురూ ఆ "కూడా"లో ఉన్నారా? బ్రెజిల్ కుర్రాడు ఉన్నాడా? వాళ్ళ ప్రకటనలో మొదటి వాక్యం "కంపెనీ విడుదల చేసింది" అని మొదలవుతుంది. "విడుదలైంది" అని రాద్దామని మాలో ఒకరు సర్దబోయారు. నేను ఒప్పుకోలేదు. దానంతట అదే విడుదలైందా? చేసినవాళ్ళు ఉన్నారు కదా. 2004 డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్‌లో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ కోసం వేసిన రెండు పేజీల ప్రకటన గుర్తుందా? చందాలిచ్చిన దాదాపు 10,000 మంది పేర్లు చీమలబారుల్లా. హాస్టల్లో దాన్ని తెరమీద పెద్దది చేసుకుని ఒక్క తెలుగు పేరైనా దొరుకుతుందేమోనని నీ కళ్ళు ఎర్రబడేదాకా వెతికావు. నేనీ పనిలోకి రావడానికి ఆ రాత్రే... సరే, అది నీకు తెలిసిందే.

ఆవిడ చెడ్డది కాదురా. పై అధికారికి జవాబు చెప్పుకోవాలి. వాళ్ళ డబ్బు ఆగితే మా సర్వర్లు నెలరోజులు నిలవవు, ఆ కృతజ్ఞత నాకుంది. అందుకే నిన్న కూర్చుని ఒక ప్రతిపాదన రాశాను. ప్రకటనలు రెండూ ఉండాలి. వివరాల పుట మాత్రం ఒక్కటే, దాన్ని ఇద్దరూ కలిసి సరిచూడాలి. ఒకరి ప్రకటనలో మరొకరు తప్పులు చూపవచ్చు, వాక్యం మార్చకూడదు. సమయం యూటీసీలోనే రాయాలి, ఇంకే ఊరి గడియారమూ వద్దు. ఆవిడ చదివి "ఆలోచిద్దాం" అంది, అంతకుముందున్న కరుకుదనం లేదు గొంతులో. రెండో షరతు దగ్గర మాత్రం వాళ్ళ లాయర్లు

ఉండు, పిలుస్తున్నారు. దాని గురించే సమావేశం, పది గంటలకన్నారు, అప్పుడే మొదలైనట్టుంది. పాప బడి సంగతి రాయి. ఆ పుస్తకం పంపడం మరచి

నీ,
మూడో బెంచీ