గ్రాండ్ ప్రైరీ మేయర్ గారూ, ఆ పక్క పిచ్‌లు పిల్లలకివ్వండి

గ్రాండ్ ప్రైరీ నగర మేయర్ గారికి, కౌన్సిల్ సభ్యులకు నమస్కారం.

నేను మీ ఓటరుని కాను, ఇక్కడే డాలస్ దగ్గర, మీ పక్కనున్న ఇర్వింగ్‌లో ఉంటాను. అయినా మీ గుర్రప్పందాల మైదానం పక్కనున్న క్రికెట్ స్టేడియానికి వచ్చినన్నిసార్లు మా ఊరి సిటీ హాలుకి కూడా వెళ్లలేదు. ఆ చనువుతో ఒక మాట అడుగుతున్నాను. తెలుగులో ఎందుకంటే, ముందు ఇక్కడి మావాళ్లు చదివి నేనడిగేది సబబో కాదో తేల్చాలి. సబబే అంటే ఇంగ్లిషులో రాసి, సంతకాలు పెట్టించి మీకు అందిస్తాం.

2008లో బేస్‌బాల్ కోసం కట్టిన స్టేడియాన్ని క్రికెట్‌కి లీజుకివ్వడానికి మీ నగరం ధైర్యం చేసింది. 2023 జులైలో అమెరికా టీ20 లీగ్ అయిన మేజర్ లీగ్ క్రికెట్ అక్కడే మొదలైంది. మరుసటి ఏడు టీ20 ప్రపంచ కప్ తొలి మ్యాచ్ కూడా అక్కడే జరిగింది. కెనడా 194 కొడితే, ఆరన్ జోన్స్ పది సిక్సర్లతో 94 నాటౌట్‌గా నిలిచి అమెరికాని గెలిపించాడు. అయిదు రోజులకి, జూన్ 6న పాకిస్తాన్‌తో మ్యాచ్. గురువారం, పగటిపూట. ఆ రోజు ఎన్ని ఆఫీసులకి ‘ఒంట్లో బాలేదు’ అని మెయిళ్లు వెళ్లాయో నేను చెప్పను. అమెరికా గెలవాలంటే చివరి బంతికి అయిదు కావాలి. నితీష్ కుమార్ ఫోర్ కొట్టాడు, టై. గెలుపు తేల్చే సూపర్ ఓవర్ వేసింది సౌరభ్ నేత్రవల్కర్, మాలాగే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. పాకిస్తాన్ ఓడిపోయింది.

ఇప్పుడు అసలు సంగతి. మా అమ్మాయికి పదమూడేళ్లు, ఆఫ్ స్పిన్ వేస్తుంది. ఆడేదంతా పార్కుల్లో, సిమెంటు పలక మీద పరిచిన మ్యాట్ మీదే. మ్యాట్ మీద బంతి అందరికీ తిరుగుతుంది, ఒకే ఎత్తున లేస్తుంది. ఒకసారి వేరే ఊరి టోర్నమెంటులో మొదటిసారి టర్ఫ్ వికెట్ మీద, అంటే మట్టితో చేసిన అసలు పిచ్ మీద వేసింది. బంతి తిరగలేదు, లేవలేదు, నాలుగు ఓవర్లలో 41 పరుగులు. కారెక్కాక, “నాన్నా, నాకు బౌలింగే రాదా?” అంది. వచ్చమ్మా, నేలే కొత్త. ఆ మాట పదమూడేళ్ల పిల్లకి ఎలా నచ్చచెప్పాలి?

టర్ఫ్ పిచ్ మేమే కట్టుకోవచ్చు కదా అనొచ్చు. డాలస్ చుట్టుపక్కల నేల అచ్చం మా గుంటూరు నల్లరేగడే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. పత్తికి బంగారం, పిచ్‌కి గండం. తగిన బంకమట్టి తెప్పించి పొరలు పొరలుగా పరవాలి, రోలర్ కావాలి, రోజూ చూసుకునే క్యూరేటర్ కావాలి. వారాంతంలో చందాలతో నడిచే క్లబ్బులకి అది అందే పని కాదు. మీ స్టేడియంలో అవన్నీ ఉన్నాయి.

పిల్లలు ఆడితే పిచ్ పాడవుతుందని అభ్యంతరం వస్తుంది. నిజమే, అందుకే నడిమధ్య పిచ్ అడగడం లేదు. మైదానం నడుమ స్క్వేర్ అనే చోట పక్కపక్కనే చాలా పిచ్‌లుంటాయి. అంచున ఉన్నవాటిని పెద్ద మ్యాచ్‌లకి అంతగా వాడరు, ఎందుకంటే ఒక పక్క బౌండరీ మరీ దగ్గరైపోతుంది. పదమూడేళ్ల వాళ్లకి ఆ దూరం చాలు. మేజర్ లీగ్, అంతర్జాతీయ మ్యాచ్‌లు పోను మిగిలిన రోజుల్లో ఏడాదికి పది రోజులు ఆ అంచు పిచ్‌లు స్థానిక పిల్లలకి ఇవ్వాలని లీజులో రాయించండి. అందులో సగం అమ్మాయిలకి.

అమ్మాయిల మాట ఎందుకెత్తానంటే, అమెరికా అండర్-19 మహిళల జట్టుకి 2023 ప్రపంచ కప్‌లో గీతిక కొడాలి, 2025లో అనికా కోలన్ కెప్టెన్లు. ఆ ఇంటిపేర్లు చూస్తే ఏ తెలుగువాడికైనా తెలిసిపోతుంది. 2028 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో మహిళల క్రికెట్ కూడా ఉంది. ఆ జట్టు వెనక రాబోయేవాళ్లు ఈ చుట్టుపక్కల పార్కుల్లోనే మ్యాట్ మీద ఆడుతున్నారు.

ఇదంతా క్రికెట్ బోర్డుని అడగాలి, నన్నెందుకు అంటారేమో. 2025 సెప్టెంబరులో అంతర్జాతీయ క్రికెట్ మండలి (ఐసీసీ) అమెరికా బోర్డు సభ్యత్వాన్నే సస్పెండ్ చేసింది. బోర్డుల గొడవలు ఎప్పుడు తెములుతాయో గానీ, ఆ స్టేడియం మాత్రం మీ నగరం ఆస్తి. లీజు కాగితం మీద సంతకం మీది.

వేళ మీ ఇష్టం. ఆదివారం పొద్దున్న ఏడింటికి రమ్మన్నా వస్తాం. ఆట అయ్యాక చెత్త మేమే ఎత్తుతాం, క్యూరేటర్ గారు ఒప్పుకుంటే పిచ్ మీద నీళ్లు కూడా మా పిల్లలే చల్లుతారు.

ఇట్లు,
ఇర్వింగ్ నుంచి ఒక ఆఫ్ స్పిన్నర్ తండ్రి