సగటు లెక్కకు అందని కరువు

ఎడిటర్ గారికి,

మన కిరాణా కొట్లలో మైసూరు పప్పు పేరుతో అమ్మే ఎర్రపప్పులో కెనడాలోని సస్కాచెవాన్ నుంచి వచ్చే సరుకు వాటా పెద్దది. అక్కడ వాన తప్పిన ఏడాది మన పత్రికల్లో ఒకటే వార్త వస్తుంది: దిగుబడి ఇంత శాతం తగ్గింది, ధర పెరగొచ్చు. 2020లో దాదాపు 3.5 కోట్ల టన్నులు పండిన కెనడా గోధుమ 2021 కరువుకు 2.2 కోట్ల టన్నులకు పడిపోయింది. లెక్క నిజమే. అయితే ఒకే పొలంలో పంట ఎగుడుదిగుడుగా రావడం వల్ల రైతుకు జరిగే నష్టం ఆ లెక్కలో కనిపించదు. దాని గురించే ఈ ఉత్తరం.

కెనడాలో ఈ పంటలు పండే ప్రెయిరీ ప్రాంతం అనగానే బల్లపరుపు మైదానం అనుకుంటాం. చాలా చోట్ల అది హిమానీనదాలు వదిలి వెళ్లిన నేల, అన్నీ దిబ్బలూ పల్లాలూ. నైరుతి సస్కాచెవాన్‌లో వాన, మంచు కలిపినా ఏడాదికి 350 మిల్లీమీటర్ల చుట్టూనే. అనంతపురం అంతకన్నా మేలు. పడిన మంచును గాలి దిబ్బల మీద నిలవనివ్వదు, పల్లాల్లోకి తోసేస్తుంది. గోధుమ పైరు గింజ పట్టే స్థితికి రావడానికే సుమారు 4 అంగుళాల నీరు తాగేస్తుంది. ఆపైన అందే ఒక్కో అంగుళానికి ఎకరాకు 5, 6 బుషెళ్లు, అంటే ఒకటిన్నర క్వింటాళ్ల దాకా వస్తాయి. దిబ్బకూ పల్లానికీ పదునులో, అంటే మట్టిలోని తేమలో, రెండంగుళాల తేడా ఉంటే చాలు, ఎకరాకు 3 క్వింటాళ్ల తేడా వచ్చేస్తుంది.

అందుకే అక్కడి రైతుకు కోత తరువాత మిగిలే కొయ్యకాళ్లంటే అంత పట్టింపు. 1930ల ధూళి తుఫానుల నాటికి పొలాన్ని ఏడాదిపాటు బీడు పెట్టి, కలుపు లేకుండా దున్నుతూ ఉంచేవారు. ఆ నల్లటి దుక్కినే గాలి ఎత్తుకుపోయింది. ఇప్పుడు ఎక్కువమంది దున్నడం మానేసి, ఎయిర్ సీడర్ అనే విత్తే యంత్రంతో నేరుగా కొయ్యకాళ్ల మధ్యే విత్తుతున్నారు. అడుగు ఎత్తు మోళ్లు నిలబడి ఉంటే మంచు వాటి మధ్య ఆగుతుంది. 10 అంగుళాల మంచు కరిగితే దాదాపు అంగుళం నీరు. చిక్కల్లా కరువు ఏడాది పైరే మోకాలి ఎత్తు దాటకపోవడం. గింజ కోసం నేలబారుగా కోస్తే ఆ చలికాలం మంచు ఆగదు, వచ్చే ఏటి పదునుకూ గండి పడుతుంది. వెన్నులను మాత్రమే దువ్వి తీసి గడ్డిని నిలబెట్టి వదిలే స్ట్రిప్పర్ హెడర్లు ఇక్కడే పనికొస్తాయి. మెట్ట సేద్యంలో ఇంతకు మించిన మంచి పరికరం లేదని నా అభిప్రాయం. కానీ మైసూరు పప్పు పైరుకు అది కుదరదు. కాయలు నేలను అంటుకుని ఉంటాయి కనుక విత్తిన తరువాత రోలర్ తిప్పి రాళ్లను అణచాలి, కోతలో కత్తిని నేల మీద ఆనించే నడపాలి.

ఇక అసలు కష్టం మొలక దగ్గర మొదలవుతుంది. మే నెలలో పై మట్టి ఎండిపోయి ఉంటే, అంగుళం లోతున పడిన గోధుమ విత్తనాల్లో పదును తగిలినవే మొలుస్తాయి. మిగతావి జూన్ వానకు లేస్తాయి. మధ్యలో మూడు వారాల తేడా. ఆగస్టు చివర అదే చాలులో ఒక వెన్ను గింజ రాలుస్తుంటే పక్క వెన్ను ఇంకా పాలు పోసుకుంటూ ఉంటుంది. ఆగితే పండినది రాలిపోతుంది, సెప్టెంబరు మొదట్లోనే మంచు కాటు పడితే పచ్చిది ముడుచుకుపోతుంది. కొందరు తొందరపడి గ్లైఫోసేట్ అనే కలుపు మందు కొట్టి అంతా ఒకేసారి ఎండబెట్టాలని చూస్తారు. పొలంలో అన్నిటికన్నా పచ్చిగా ఉన్న చోట కూడా గింజ తేమ 30 శాతం లోపుకు దిగాకే ఆ మందు కొట్టాలి. అక్కడి గింజను బొటనవేలి గోటితో నొక్కితే గోటి గుర్తు అలాగే నిలవాలి. గింజ చితికి పాలో పిండో బయటికొస్తే ఇంకా ఆగాల్సిందే. ముందే కొడితే మందు గింజలోకి దిగి, అవశేషాలు దిగుమతి దేశాల పరిమితిని దాటే ప్రమాదం ఉంది. దిబ్బలను ముందు కోసి పల్లాలను పది రోజులు వదిలేయడం డీజిలు ఖర్చే అయినా, చాలాసార్లు అదే మేలు.

కోత యంత్రం అమరికా మార్చాలి. కరువు ఏట గింజ సన్నగా, తేలికగా ఉంటుంది కనుక మామూలు వేగంతో ఫ్యాన్ తిప్పితే తాలుతో పాటు గింజా ఎగిరిపోతుంది. కోసిన వెడల్పంతా సరాసరి చూస్తే చదరపు అడుగుకు 20 గోధుమ గింజలు నేల మీద పడ్డాయంటే ఎకరాకు ఒక బుషెల్, అంటే 27 కిలోలు పోయినట్టు. పంటే పది బుషెళ్లయిన చోట అది పదో వంతు.

గాదెలోనూ సగటు మోసమే చేస్తుంది. 14.5 శాతం తేమ వరకు గోధుమను ఎండినదిగానే లెక్కిస్తారు. కొలిచిన సగటు 14 ఉన్నా అందులో 18 శాతం తేమ ఉన్న పచ్చి గింజల గుత్తులు ఉండొచ్చు. మధ్యలో వేడి పుట్టి, తేమ పైకి ఎక్కి, గుట్ట నడినెత్తిన బూజు పడుతుంది. నింపిన రోజే ఫ్యాన్ వేసి 15 డిగ్రీల లోపుకు చల్లార్చాలి. బుషెల్‌కు నిమిషానికి 0.1 ఘనపుటడుగు గాలి చల్లార్చడానికే సరిపోతుంది, ఆరబెట్టాలంటే దానికి పది రెట్లు కావాలి. ఈ రెంటినీ ఒకటే అనుకోవడం వల్ల గింజ పాడైన గాదెలు చాలా ఉన్నాయి.

బీమా సంగతి ఇంకా బాధాకరం. సస్కాచెవాన్‌లో దిగుబడి బీమాను రైతు వేసిన ఒక పంట మొత్తానికి కలిపి లెక్కిస్తారు. ఒక పొలం పూర్తిగా ఎండినా, జల్లు పడిన మరో పొలం సగటును పైకి లాగితే పరిహారం రాదు. వడగళ్ల బీమాలో మాత్రం దెబ్బతిన్న చోటు వరకే లెక్క కడతారు. గ్రామాన్ని యూనిట్‌గా పెట్టి, నాలుగు మడుల్లో పంట కోత ప్రయోగాలు చేసి ఊరందరి నష్టాన్నీ తేల్చడం చూసిన మన రైతులకు ఈ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు. దీనికి తోడు ముందస్తు అమ్మకపు ఒప్పందాలు. 2021లో కనోలా అనే నూనెగింజలు ఇస్తామని వసంతంలో సంతకాలు చేసినవారు పంట చేతికి రాక, పెరిగిన ధరకు లెక్కగట్టి ఎదురు డబ్బు కట్టాల్సి వచ్చింది. పైరు నిలదొక్కుకోకముందే పంటలో నాలుగో వంతుకు మించి మాట ఇవ్వకపోవడం మంచిది.

కనుక నాదొక మనవి. సస్కాచెవాన్ వ్యవసాయ శాఖ సాగు కాలంలో వారం వారం పంట నివేదిక ఇస్తుంది. పై మట్టిలో పదును ఎక్కువగా ఉందా, సరిపడా ఉందా, తక్కువా, మరీ తక్కువా అని ప్రాంతాల వారీగా అందులో ఉంటుంది. పప్పు ధరల వార్త రాసేటప్పుడు ఒక్క శాతం అంకెతో సరిపెట్టకుండా, ఆ పదును లెక్క కూడా రెండు వరుసల్లో వేయించగలరు.

ఇట్లు,
ఒక వ్యవసాయ సలహాదారు
సాస్కటూన్, కెనడా