చేతిపంపులు పీకేయకండి

సంపాదకుల వారికి,

విపత్తు జాగ్రత్తల ప్రకటనలు ఈ మధ్య ఒకే తీరుగా ఉంటున్నాయి. ఎమర్జెన్సీ కిట్ కొనుక్కోండి, యాప్ పెట్టుకోండి, హెల్ప్‌లైన్ నంబరు రాసుకోండి. ఇవి తప్పని అనను. కానీ కరెంటు పోయిన కొన్ని గంటలకు సెల్ టవర్ బ్యాటరీ కూడా అయిపోతే నంబరు కలవదు. చెట్లు కూలి దారి మూసుకుపోతే అంబులెన్సు ఊరి బయటే ఆగిపోతుంది. అప్పుడు అక్కరకొచ్చేవి గొడ్డలి, తాడు, వాటిని వాడటం తెలిసిన నలుగురు మనుషులు. పల్లెల్లో ఇవి విపత్తు కోసమని సిద్ధం చేసుకున్నవి కావు, రోజువారీ పనుల్లో ఉన్నవే.

1995 జనవరి 17 తెల్లవారుజామున జపాన్‌లో కోబె భూకంపం వచ్చినప్పుడు అవాజి ద్వీపంలోని హొకుదాన్ అనే చిన్న ఊళ్లో ఇళ్లు కూలి సుమారు 300 మంది చిక్కుకుపోయారు. ఏ ఇంట్లో ముసలావిడ ఏ గదిలో పడుకుంటుందో పక్కింటివాళ్లకూ, ఊళ్లోని స్వచ్ఛంద అగ్నిమాపక దళం వాళ్లకూ తెలుసు. ఎక్కడ తవ్వాలో వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. ఆ రోజే అందరినీ బయటకు తీశారు. అదే ఏడాది జులైలో అమెరికాలోని షికాగోలో వడగాడ్పులకు 700 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో చాలామంది ఒంటరిగా ఉంటున్న వృద్ధులు. పొద్దెక్కినా తలుపు తియ్యకపోతే "ఏమైంది?" అని వచ్చి తట్టే మనిషి వాళ్లకు లేకపోయాడు.

నా బాధల్లా పల్లెల్లోనూ ఇలాంటి ఆసరా కరిగిపోతోందని. కుళాయి వచ్చిందని చేతిపంపు పీకేస్తున్నారు, బావి పూడ్చేస్తున్నారు. కరెంటు లేకపోతే మోటారు నీళ్లు తోడదు కదా! పెద్దలకు పైకప్పు బాగు చేయడం, వరద నీటి రంగు చూసి పశువులను ఎప్పుడు మెట్టకు తోలాలో చెప్పడం తెలుసు. నేర్చుకోవాల్సిన పిల్లలు పనుల కోసం ఊరు దాటిపోయారు. వాళ్లను తప్పుపట్టలేం.

పల్లె తనని తాను చూసుకుంటుందిలే అని ప్రభుత్వం చేతులు దులుపుకోవడానికి నా మాటలు సాకు కాకూడదు. పాము కరిస్తే పొరుగువాళ్ల ప్రేమ విరుగుడు మందుకు బదులు కాదు. రోడ్డూ కావాలి, ఆసుపత్రీ కావాలి.

అధికారులను అడిగేది ఇంతే. కుళాయిలు వేసినా చేతిపంపులను ఉంచండి, ఏటా బాగు చేయించండి. ఒంటరిగా ఉండేవాళ్లు, నడవలేనివాళ్లు, ఫ్రిజ్‌లో ఇన్సులిన్ పెట్టుకునేవాళ్లు ఎవరో ఊరివాళ్లనే అడిగి కాగితం మీద రాయించండి. ఒక్కొక్కరికీ ఇద్దరేసి పొరుగువాళ్లను ఒప్పించి బాధ్యత అప్పగించండి. మాక్ డ్రిల్‌లో ఆ పొరుగువాళ్లను ప్రేక్షకులుగా కూర్చోబెట్టకుండా, ఆ ఇళ్ల తలుపులు వాళ్ల చేతనే తట్టించండి.

- ఒక పాఠకుడు