స్మార్ట్ బల్బును ల్యాబ్‌లో పరీక్షిస్తే సరిపోదు

సంపాదకులకు,

స్మార్ట్ పరికరాల మీద వచ్చే వ్యాసాలు సౌకర్యాల దగ్గరే ఆగిపోతున్నాయి. వాడేవాళ్లతో వాటిని ఎలా పరీక్షించాలన్న ఊసే ఉండదు.

ఐదుగురితో పరీక్షిస్తే చాలన్న మాట ఈ రంగంలో బాగా నాటుకుపోయింది. 1993లో నీల్సన్, లాండవర్ అనే పరిశోధకులు వేసిన లెక్క అది: ఒక్కొక్కరి వల్ల సగటున 31 శాతం లోపాలు బయటపడితే, ఐదుగురితో సుమారు 85 శాతం దొరుకుతాయి. అయితే అందరూ ఒకే తరహావాళ్లయి, ఒకే రకం పనులు చేస్తేనే ఆ లెక్క నిలుస్తుంది. ఇంట్లో బల్బు సంగతి వేరు. ఒకరు యాప్‌లో వెలిగిస్తారు, ఇంకొకరు అలవాటు కొద్దీ గోడ మీది స్విచ్ కట్టేస్తారు. ఇక యాప్‌లో ఆ బల్బు 'ఆఫ్‌లైన్'. ల్యాబ్‌లో ఒంటరిగా కూర్చున్న మనిషికి ఈ చిక్కే రాదు.

మొదటిసారి కనెక్ట్ చేయడం మరీ ఘోరం. చాలా పరికరాలు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే అందుకుంటాయి. ఫోనేమో 5 మీద ఉంటుంది. తెర మీద 'కనెక్ట్ కాలేదు' అని తప్ప కారణం రాదు. పాస్‌వర్డ్ తప్పనుకుని జనం దాన్నే మళ్లీ మళ్లీ కొడతారు.

అందుకే సీలు విప్పని డబ్బా చేతికిచ్చి, మనసులో అనుకునేది పైకి చెప్పమని, సాయం చేయకుండా పక్కన కూర్చోవాలి. తర్వాత రెండు వారాలు ఇంటిల్లిపాదితో డైరీ రాయించాలి. చివర్లో ఎస్‌యూఎస్ ఇవ్వొచ్చు, అంటే వాడకం ఎంత సులువో నూటికి మార్కులేసే పది ప్రశ్నల పత్రం; 68 వస్తే సగటు. కానీ ఎక్కడ చెడిందో ఆ మార్కు చెప్పదు. పరికరాన్ని అమ్మేసేముందు పాత ఖాతా తీసేయడాన్నీ పరీక్షలో చేర్చాలి. తయారీదారులు తరచూ వదిలేసేది దాన్నే.

ఇట్లు,
వినియోగ పరిశోధకులు