1904 కంటే ముందు 1872 ఉంది

ఎడిటర్ గారికి నమస్కారం,

నేను ఆస్ట్రేలియాలోని జీలాంగ్‌లో ఉంటాను, రోజూ పొద్దున ఫోన్లో మీ పేపర్ చదవందే నాకు తోచదు. మొన్న ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ మీద వేసిన ఆర్టికల్లో, ఈ ఆటలో పెద్ద క్లబ్బుకి ఆడిన మొదటి ఆదివాసీ జో జాన్సన్ అని రాశారు. ఇక్కడి పెద్ద క్లబ్బులన్నీ ఆడే లీగ్ రికార్డు ప్రకారం కరెక్టే. 1904లో ఫిట్జ్‌రాయ్ అనే మెల్‌బోర్న్ క్లబ్బు టీములోకి వచ్చి మూడు సీజన్లలో 55 మ్యాచ్‌లు ఆడాడు, 1904లోనూ 1905లోనూ కప్పు కొట్టిన టీములో ఉన్నాడు, ఆయన గొప్ప ఆయనదే.

కానీ అంతకి 32 ఏళ్ళ ముందే, 1872లో, మా జీలాంగ్ క్లబ్బు తరఫున కార్ల్‌టన్ క్లబ్బు మీద ఆల్బర్ట్ పాంపీ ఆస్టిన్ అనే ఆదివాసీ ఆడాడండీ. మా విక్టోరియా రాష్ట్రంలో పడమటి వైపు ఫ్రామ్లింగ్‌హామ్ మిషన్, అంటే ఆదివాసీలని ఉంచిన స్థావరం, అక్కడి మనిషి, పరుగు పందేల్లో పేరు మోసినవాడు. పెద్ద టీముకి ఆడింది ఆ ఒక్క మ్యాచే, మళ్ళీ ఆడలేదు. ఒక్క మ్యాచే కదా అనిపిస్తుంది గానీ అప్పటి రోజులు చూడండి, 1869లో విక్టోరియాలో ఒక చట్టం తెచ్చారు, ఆదివాసీలు ఎక్కడ ఉండాలో ఏం పని చేయాలో కూడా సర్కారు బోర్డే చెప్పేది, అట్లాంటి టైంలో ఒక మిషన్ మనిషి తెల్లవాళ్ళతో సమానంగా గ్రౌండులో దిగడమంటే చిన్న విషయమా?

మరి ఆయన పేరు ఎందుకు రాదంటే లీగ్ వాళ్ళు లెక్క 1897 నుంచే మొదలెడతారు, ఎనిమిది క్లబ్బులు పాత అసోసియేషన్ నుంచి విడిపోయి పెట్టుకున్న కొత్త లీగ్‌లో ఆట మొదలైన ఏడాది అది. ఆటకి రూల్స్ రాసింది మాత్రం 1859లో మెల్‌బోర్న్‌లో, జీలాంగ్ క్లబ్బు పుట్టిందీ ఆ ఏడాదే. దాదాపు నలభై ఏళ్ళ ఆట పక్కకి పోయింది, జీలాంగ్ అంతకుముందు గెలిచిన ఏడు కప్పులు కూడా అందులో పోయినవే. క్రికెట్‌లోనూ ఇదే జరిగింది, ఆస్ట్రేలియా నుంచి ఇంగ్లండ్ వెళ్ళిన మొదటి టీం 1868లో ఆదివాసీలదే, 47 మ్యాచ్‌లు ఆడొచ్చారు, టెస్టుల లెక్క 1877లో మొదలైంది కాబట్టి వాళ్ళ పేర్లు మనలో ఎంతమందికి తెలుసు?

మావాడు ఇక్కడే పుట్టాడు, శనివారం వస్తే చాలు జీలాంగ్ జెర్సీ వేసుకుని కూర్చుంటాడు. వాడికి పాంపీ ఆస్టిన్ గురించి నేను చెప్పాల్సొచ్చింది, ఇది నాకు చాలా బాధనిపించింది.

ఏటా మే నెలలో సర్ డగ్ నికోల్స్ అనే పాతకాలపు ఆదివాసీ ఆటగాడి పేరుతో ఆదివాసీ ఆటగాళ్ళ గౌరవార్థం మ్యాచ్‌లు జరుగుతాయి, అప్పుడు మీరు కూడా ఏదో ఒకటి రాస్తారు కదా. ఈసారి జో జాన్సన్ పేరుకి ముందు ‘1897 తర్వాత లీగ్‌లో’ అని ఒక మాట చేర్చండి, ఆ పైన ఒక్క లైన్లో 1872, పాంపీ ఆస్టిన్ అని వేయండి. లీగ్ వాళ్ళు రికార్డు ఎప్పుడు మారుస్తారో, అంతదాకా మన తెలుగు పేపర్ ఆగక్కర్లేదు.

ఇట్లు
మీ పాఠకుడు, జీలాంగ్, ఆస్ట్రేలియా